చెంబెడు నీళ్లలో చేపల చిట్టా

జపాన్‌కి దక్షిణపు కొసన ఒకినావా దీవులున్నాయి. అక్కడ చురౌమి అని ఓ అక్వేరియం. అక్వేరియం అంటే ముందు గదిలో పెట్టుకునే గాజుపెట్టె అనుకునేరు! అందులో పెద్ద తొట్టి ఒక్కదాంట్లోనే 75 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. ఎండాకాలం మన వీధుల్లోకి వచ్చే పదివేల లీటర్ల ట్యాంకర్లతో నింపాలంటే 750 ట్యాంకర్లు తోలించాలి. వేల్‌షార్క్‌లు అందులో తీరిగ్గా తిరుగుతుంటాయి. పక్కనే ఉష్ణమండల చేపలకు ఒక తొట్టి, లోతు సముద్రపు చేపలకు ఇంకోటి, మడ అడవుల్లో బతికేవాటికి మరోటి.

ఈ నాలుగు తొట్టెల మీద చీబా నేచురల్‌ హిస్టరీ మ్యూజియానికి చెందిన మసాకి మియా బృందం ఓ చిత్రమైన పరీక్ష చేసింది. చేపల్ని పట్టలేదు. లెక్కపెట్టలేదు. ఒక్కో తొట్టి నుంచి కాసిని నీళ్లు తీసుకుని ప్రయోగశాలకు పట్టుకుపోయింది. 'ఇందులో ఏయే చేపలున్నాయో చెప్పు' అని ఆ నీళ్లనే అడిగింది.

అక్వేరియంనే ఎందుకు ఎంచుకున్నారంటే... అక్కడ జవాబు ముందే తెలుసు కాబట్టి. ఏ తొట్టిలో ఏ చేప ఉందో సిబ్బంది దగ్గర జాబితా ఉంటుంది. లెక్కల పుస్తకం వెనక పేజీలో జవాబులున్నట్టన్నమాట. పోల్చి చూసుకోవడానికి డీఎన్‌ఏ వివరాలు సిద్ధంగా ఉన్న చేపజాతులు ఆ తొట్టెల్లో 180 ఉన్నాయి. నీళ్లు వాటిలో 168 జాతుల పేర్లు చెప్పేశాయి. నూటికి 93 మార్కులు! ఆ తర్వాత అక్వేరియం బయట, దగ్గర్లోని పగడపు దిబ్బల దగ్గర సముద్రపు నీళ్లు తీసుకుని పరీక్షిస్తే 93 జాతులు తేలాయి. వాటిలో 64 తొట్టెల్లో దొరకనివి. 2015లో ఈ ఫలితాలు వెలువడ్డాక ప్రపంచంలో చాలాచోట్ల చేపల లెక్కలు తీసేవాళ్లు వలలతోపాటు సీసాలూ సర్దుకోవడం మొదలుపెట్టారు.

నీళ్లకేం తెలుసు?

చేపలు కడిగిన నీళ్లు పెరట్లో ఏ మూల పారబోసినా పిల్లి కనిపెట్టేస్తుంది. అక్కడ చేప లేదు, ముల్లూ లేదు. వాసన మాత్రం ఉంది. పర్యావరణ డీఎన్‌ఏ సంగతీ దాదాపు అంతే. చేప ఈదుతున్నంతసేపూ ఏదో ఒకటి వదులుతూనే ఉంటుంది - ఒంటిమీది జిగురు, రాలిన పొలుసు, రెట్ట, గుడ్లు పెట్టే కాలంలో గుడ్లూ వీర్యమూ. వాటితోపాటు కణాలు, కణాల్లోని డీఎన్‌ఏ నీళ్లలో కలుస్తాయి. కంటికి కనపడవు, ముక్కుకి తెలియవు. పిల్లి పని ఇక్కడ యంత్రం చేస్తుందన్నమాట.

మనకిది బొత్తిగా కొత్త కాదు. 2020లో కరోనా రోజుల్లో హైదరాబాద్‌ మురుగునీటిలో వైరస్‌ జాడలు వెతికి, నగరంలో ఎంతమందికి సోకి ఉంటుందో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఇంటింటికీ వెళ్లి అందరి ముక్కుల్లో పుల్లలు పెట్టే పని లేకుండా కాలవ నీళ్లని అడిగారు. సముద్రంలో చేపల్ని అడిగేదీ అదే పద్ధతిలో.

పద్ధతి వినడానికి సులువే. చేతులకు తొడుగులు వేసుకుని ఒకటి రెండు లీటర్ల నీళ్లు పట్టాలి. వాటిని వడపోత కాగితం గుండా పంపాలి. దాని రంధ్రాలు తల వెంట్రుక మందంలో వందో వంతు కన్నా సన్నం. కాగితం మీద మిగిలిన మడ్డే మనక్కావలసిన సరుకు. అందులోంచి డీఎన్‌ఏని విడదీస్తారు. అయితే అది మరీ తక్కువ. పైగా అందులో చేపలదే కాదు, బ్యాక్టీరియాది, నాచుది, పడవలో ఉన్న మనిషిది కూడా ఉంటుంది. చేపల డీఎన్‌ఏని మాత్రం ఎంచి పెంచాలి. ఈ పెంచే పనే పీసీఆర్‌. కరోనా పుణ్యమా అని చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి... ఇలా 30 సార్లు రెట్టిస్తే ఒక్క ముక్క 107 కోట్ల ముక్కలవుతుంది.

మియా బృందం చేసిన అసలు పని, చేపలన్నిటికీ సరిపోయే ఓ కొక్కేన్ని తయారుచేయడం. సొరచేపైనా, టేకు చేపైనా, వేలెడంత లేని గోబీ అయినా దానికి తగులుకోవాలి. చేప కణాల్లోని మైటోకాండ్రియాలో సుమారు 170 అక్షరాల ముక్క ఒకటుంది. దానికి రెండు పక్కలా ఉండే అక్షరాలు చేపలన్నిటిలో ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మధ్యలోవి మాత్రం జాతి జాతికీ మారిపోతాయి. అటూ ఇటూ పట్టుకుని మధ్యది చదివితే చేప పేరు తెలుస్తుంది. ఈ కొక్కేనికి వాళ్లు పెట్టిన పేరు 'మైఫిష్‌'.

నిజానికి ఈ విద్యకు మొదట దొరికింది చేప కాదు, కప్ప. ఫ్రాన్స్‌లోని చెరువుల్లో అమెరికా నుంచి వచ్చి చేరిన బుల్‌ఫ్రాగ్‌ కప్పలు స్థానిక జీవుల్ని మింగేస్తుంటే అవి ఏ చెరువులో ఉన్నాయో తెలుసుకోడానికి 2008లో నీళ్లని పరీక్షించారు. సముద్రం దాకా రావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. 2012లో డెన్మార్క్‌ తీరంలో అరలీటరు సీసాలతో నీళ్లు పట్టి 15 చేపజాతుల్ని గుర్తించారు. ఆ నీళ్లలో నాలుగు రకాల పక్షుల జాడలు కూడా దొరికాయట!

అయినా ఈ హైరానా దేనికి? పగడపు దిబ్బల దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి కదా, దిగి చూస్తే సరిపోదా? సరిపోదు. చూసి లెక్కపెట్టే పద్ధతి 1954 నుంచీ ఉంది. హవాయి దీవుల్లో బ్రాక్‌ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టారు. టేపు పరిచి, దాని వెంట ఈదుతూ, అటూ ఇటూ కనిపించిన చేపల్ని నీళ్లలో చెరిగిపోని పలక మీద రాసుకుంటూ పోవడం. ఇప్పటికీ పగడపు దిబ్బల ఆరోగ్యం గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఇలా వచ్చిందే. కానీ మనిషిని చూసి సొరచేప దూరం జరుగుతుంది. రాత్రి తిరిగే చేప పగలు బొరియలో నిద్రపోతుంది. ఈల్‌ చేప రాతి సందులోంచి తల కూడా బయట పెట్టదు. పైగా ఈదేవాడికి సిలిండర్లో గాలి ఉన్నంతసేపే టైము. ఎర కట్టిన కెమెరా దింపితే ఎర తినే చేపలే వస్తాయి. ఇక మిగిలింది రొటెనోన్‌. చెట్టు వేళ్ల నుంచి తీసే విషం. నీళ్లలో కలిపితే సందుల్లో ఉన్నవన్నీ తేలతాయి. లెక్క కచ్చితంగా వస్తుంది గానీ లెక్కపెట్టిన చేప మిగలదు!

సందుల్లో ఉండేవాటిని చిన్నచూపు చూడ్డానికి లేదు. పగడపు దిబ్బ అనగానే మనకు గుర్తొచ్చేది నీమో, చిలక చేప, రంగురంగుల సీతాకోకచిలుక చేప. కానీ దిబ్బల్లోని చేపజాతుల్లో దాదాపు సగం ఆ వరసలోవి కావు. రెండు అంగుళాలైనా పెరగని, రాయి రంగులో కలిసిపోయే గోబీలు, బ్లెనీలు. దిబ్బ మీద పెద్ద చేపలు తినే చేపమాంసంలో దాదాపు 60 శాతం ఈ చిన్నవాటిదేనని 2019లో తేలింది. అంటే వంటగది అంతా వీటి మీదే నడుస్తోంది. వీటిలో ఒకటి మరీ విచిత్రం. ఆస్ట్రేలియా గ్రేట్‌ బారియర్‌ రీఫ్‌లో ఉండే ఓ మరుగుజ్జు గోబీ ఆయుష్షు మహా అయితే 59 రోజులు. పుట్టడం, పెరగడం, పెళ్లి, పిల్లలు, చావు - అన్నీ రెండు నెలల్లోపే! వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత తక్కువ ఆయుష్షు ఇంకెక్కడా నమోదు కాలేదని దాని సంగతి 2005లో బయటపెట్టిన శాస్త్రవేత్తలు చెప్పారు. ఈదుతూ పోయే మనిషి కంటికి ఇది చిక్కేదెప్పుడు?

లేవనుకున్న సొరలు

పెద్దవాటి కథ ఇంకోలా ఉంది. పసిఫిక్‌ సముద్రంలో న్యూ కెలడోనియా అనే ద్వీపసమూహం ఉంది. చుట్టూ పగడపు దిబ్బలు. అక్కడ జనం ఎక్కువగా ఉండే తీరాల్లో కొన్ని రకాల సొరచేపలు ఈతగాళ్లకు గానీ కెమెరాలకు గానీ కనపడలేదు. చేపలవేటకీ, పడవల రొదకీ అవి అంతరించిపోయాయా? లేక ఉండి కూడా తప్పించుకు తిరుగుతున్నాయా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. లేవని తేలితే 'ఇక కాపాడ్డానికేముంది' అని ఆ తీరాన్ని వదిలేసే ప్రమాదం ఉంది.

2018లో వెలువడిన అధ్యయనం నీళ్ల మాట విన్నది. చూపుతో, కెమెరాలతో చేసినదాంట్లో వందో వంతు శ్రమతోనే 44 శాతం ఎక్కువ సొరజాతులు తేలాయి. జనం తాకిడి ఉన్న తీరాల్లో అప్పటిదాకా కనిపించని జాతుల జాడలు కూడా దొరికాయి. పోయాయనుకున్నవాళ్లు ఊళ్లోనే ఉన్నట్టు! ఈ మొత్తం విద్యలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించిన ఫలితం ఇదే. 'ఎన్ని దొరికాయి' అన్నదానికన్నా 'ఇంకా ఉన్నాయి' అన్న కబురే అసలు కబురు.

అప్పుడొచ్చే సందేహం ఒకటుంది. సముద్రం పారే నీరు కదా, ఎక్కడి చేప జాడో ఇక్కడికి కొట్టుకొచ్చి ఉండదా? కొంత వస్తుంది. కానీ డీఎన్‌ఏ ముక్కలు సముద్రంలో ఎక్కువకాలం నిలవవు. ఎండ, ఉప్పు, బ్యాక్టీరియా కలిసి కొన్ని రోజుల్లోనే పనికిరాకుండా చేసేస్తాయి. కాబట్టి దొరికింది ఇటీవలిదే. కాలిఫోర్నియా తీరంలోని సముద్రపు నాచు అడవిలో వంద మీటర్ల లోపు దూరంలో ఉన్న రెండు చోట్ల చేపల సంతల్ని కూడా నీళ్లు వేరువేరుగా చూపించాయి. అయితే అన్ని తీరాల్లో ప్రవాహాలు ఒకేలా ఉండవు. అందుకే ఒక్క సీసాతో సరిపెట్టరు.

ఇంకో గొడవ మన నుంచే. మధ్యాహ్నం చేపల పులుసు తిన్న చేత్తో సీసా పట్టుకుంటే సాయంత్రానికి రిపోర్టులో ఆ పులుసు చేప వస్తుంది! హోటళ్లు, చేపల మార్కెట్లు కడిగిన నీళ్లు కలిసే చోటయితే వేరే సముద్రంలో పట్టి తెచ్చిన చేప కూడా 'ఇక్కడే ఉంది' అని సాక్ష్యం చెప్పేస్తుంది. అందుకే నీళ్ల సీసాలతోపాటు ఉత్త డిస్టిల్డ్‌ వాటర్‌ సీసాని కూడా అన్ని మెట్లూ ఎక్కిస్తారు. అందులో చేప తేలిందంటే తప్పు ఎక్కడో చేతుల్లో ఉందని అర్థం.

పేరు చెప్పేదెవరు?

ఇక అసలు సంగతికొద్దాం. యంత్రం చెప్పేది పేరు కాదు. అది చదివి ఇచ్చేది నాలుగు రకాల అక్షరాల వరస మాత్రమే. ఆ వరస ఏ చేపదో తెలియాలంటే ఎక్కడో ఓ పట్టిక ఉండాలి. ఆ పట్టికలో ఆ చేప ముందే నమోదై ఉండాలి. వేలిముద్ర దొరికినంత మాత్రాన దొంగ దొరకడు కదా! స్టేషన్‌ రికార్డుల్లో ఆ వేలిముద్ర ఉంటేనే ఫలానా అని చెప్పగలరు. లేకపోతే 'ఎవరో వచ్చారు' అన్నంత వరకే.

పట్టిక ఎలా తయారవుతుంది? ఎవరో ఒకరు ఆ చేపని పట్టాలి. చేపల శాస్త్రం తెలిసిన మనిషి దాని రెక్కల్లో ముళ్లు లెక్కపెట్టి, పొలుసుల వరసలు లెక్కపెట్టి, పళ్లు చూసి, పాత పుస్తకాలతో పోల్చి 'ఇది ఫలానా జాతి' అని తేల్చాలి. అప్పుడు చిన్న కండముక్క కోసి డీఎన్‌ఏ చదివించాలి. చేపని మ్యూజియంలో సీసాలో దాచాలి, రేపెవరైనా అనుమానపడితే తీసి చూసేందుకు. కిరాణా సరుకుల మీద బార్‌కోడ్‌లా ప్రతి జీవికీ డీఎన్‌ఏ బార్‌కోడ్‌ ఉండాలని కెనడా శాస్త్రవేత్త పాల్‌ హెబర్ట్‌ 2003లో ప్రతిపాదించాక ఈ పని ఊపందుకుంది. కానీ పగడపు దిబ్బల చేపలు వేల జాతులు. పట్టిక నిండటానికి ఇంకా చాలా ఉంది. నిండనివాటిలో ముందు వరసలో ఉండేవి ఏమిటంటారా? ఆ సందుల్లోని చిన్న చేపలే. ఈ విద్య ఎవరిని వెతికి పట్టుకోడానికి బాగా పనికొస్తుందో, వాళ్ల పేర్లే రిజిస్టర్లో తక్కువ.

చేపలకు పేర్లు రాసుకునే ఈ పనికి మన తీరంలో పెద్ద చరిత్రే ఉంది. రక్తపింజరి పాముని ఇంగ్లిషులో 'రస్సెల్స్‌ వైపర్‌' అంటారని చాలామందికి తెలుసు. ఆ రస్సెల్‌ ఎవరో కాదు, ప్యాట్రిక్‌ రస్సెల్‌ అనే స్కాట్లండ్‌ వైద్యుడు. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ పాముల మీదే కాదు, విశాఖపట్నంలో చేపల మీద కూడా పనిచేశాడు. అక్కడ సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు, వర్ణనలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం వచ్చింది. అందులో గొప్ప విషయం - ఆయన చేపలకు లాటిన్‌ పేర్లు తగిలించే తొందర పడలేదు. మన జాలర్లు పిలుచుకునే పేర్లనే విన్నవి విన్నట్టు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. తర్వాత యూరప్‌ శాస్త్రవేత్తలు ఆ బొమ్మలు ముందు పెట్టుకుని శాస్త్రీయ నామాలు పెట్టారు. అలా కొన్ని తీరప్రాంతపు పేర్లు లాటిన్‌ పక్కన చేరిపోయాయి. రిబ్బను ముక్కలా పొడుగ్గా, వెండిలా మెరిసే సావళ్ల చేపనే చూడండి. 1829లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే దానికి పెట్టిన జాతినామం 'సవలా'. అది మన కోరమాండల్‌ తీరపు జాలర్ల మాట! ఇప్పుడు ఏ దేశపు ప్రయోగశాలలో ఆ చేప డీఎన్‌ఏ తేలినా కంప్యూటర్‌ తెర మీద వచ్చే పేరులో ఆ మాట ఉంటుంది. పేరు తెలియని ఏ జాలరి నోట రస్సెల్‌ విన్నాడో!

ముళ్లు లెక్కపెట్టి చేపని పోల్చగల నిపుణులు తగ్గిపోతున్నారన్నది శాస్త్రలోకంలో పాత ఫిర్యాదు. డీఎన్‌ఏ యంత్రాలొచ్చాయి కాబట్టి ఇక వాళ్లతో పనేముందని అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే సరిగ్గా తిరగేసి చెప్పినట్టుంది. యంత్రం ఎన్ని కొత్త వరసలు చదివితే అంతమంది పేర్లు పెట్టేవాళ్లు కావాలి.

ఇది ఊహ కాదనడానికి ఓ పెద్ద పోలిక ఉంది. 2022లో అచ్చయిన అధ్యయనంలో కరీబియన్‌ నుంచి హిందూ మహాసముద్రం దాకా ఐదు ప్రాంతాల పగడపు దిబ్బల్లో 226 నీటి నమూనాలు తీసుకున్నారు. ఆస్ట్రేలియాలో మొదలైన 'రీఫ్‌ లైఫ్‌ సర్వే' ఈతగాళ్లు కళ్లతో చూసి రాసిన 2,047 సర్వేలతో వాటిని పోల్చారు. నీళ్లు 2,650 రకాల చేపల్ని చూపించాయి. ఈతగాళ్ల లెక్కకన్నా 16 శాతం ఎక్కువ. కుటుంబాలైతే 25 శాతం ఎక్కువ. ఆహా అనుకునేలోపే ఇంకో మాట ఉంది. ఇద్దరికీ దొరికిన కుటుంబాల్లో 47 కుటుంబాల దగ్గర ఈతగాళ్లదే పైచేయి! ఆ కుటుంబాల్లో కళ్లకు కనిపించినన్ని జాతుల్ని నీళ్లు చెప్పలేకపోయాయి. కారణాల్లో ఒకటి మనం చెప్పుకున్నదే, పట్టికలో ఖాళీలు.

పట్టికలో ఉన్నా తేల్చలేని సందర్భాలున్నాయి. ట్యూనాల్లాంటి దగ్గరి చుట్టాలకు ఆ 170 అక్షరాలూ దాదాపు ఒకేలా ఉంటాయి. కవలల్లో ఎవరు రాముడో ఎవరు లక్ష్మణుడో తెలియనట్టు. అప్పుడు ఇంకో చోటి అక్షరాలు చదవాలి, ఇంకొంత ఖర్చు పెట్టాలి.

జాతి తేలినా అన్నీ తెలిసినట్టు కాదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు గోదావరి జిల్లాల్లో. సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలస, గోదావరికి ఎదురీది వస్తే పులస. ధరలో తేడా మీకు చెప్పక్కర్లేదు. డీఎన్‌ఏని అడిగితే మాత్రం రెండూ ఒకటే అంటుంది, జాతి ఒకటే కాబట్టి! చేప ఎక్కడెక్కడ తిరిగింది, ఎంత పెరిగింది, గుడ్లతో ఉందా, కుర్రదా ముసలిదా - ఇవేవీ నీళ్ల సీసాలో తేలవు. ఒక చేప ఉందో వంద ఉన్నాయో కూడా గట్టిగా చెప్పలేదు. చచ్చిన చేప కూడా డీఎన్‌ఏ వదులుతుంది మరి. వేట నిషేధం ఎన్నాళ్లుండాలి, వల కన్ను ఎంతుండాలి అని నిర్ణయించే అధికారికి కావలసింది సంఖ్య, సైజు. వాటికోసం మళ్లీ నీళ్లలోకి దిగాల్సిందే. ఒడ్డున తూకం వేసేవాణ్ని అడగాల్సిందే.

తెల్లబడేలోపు

తొందర దేనికంటే... దిబ్బలు ఆగేలా లేవు. సముద్రపు అడుగుభాగంలో పగడపు దిబ్బలున్న చోటు ఒక శాతం కూడా కాదు. అయినా సముద్రజీవ జాతుల్లో దాదాపు నాలుగోవంతుకి అదే ఆధారం. నీళ్లు మరీ వేడెక్కితే పగడపు జీవులు తమలో ఉండి తిండి పెట్టే నాచుని బయటికి తోసేసి తెల్లబడిపోతాయి. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటాయి, లేదంటే ఆకలితో చస్తాయి. 2023 జనవరి నుంచి 2025 ఏప్రిల్‌ దాకా ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో సుమారు 84 శాతం ఆ స్థాయి వేడిని చవిచూశాయి. ఇంతకుముందెన్నడూ ఇంత విస్తారంగా జరగలేదు. దిబ్బ చచ్చాక అక్కడ ఏ చేపలు పోయాయో చెప్పాలంటే బతికున్నప్పుడు ఏవున్నాయో రాసిపెట్టుకుని ఉండాలి కదా. ఈతగాళ్లు వెళ్లి రాసేంత తీరిక అన్ని దిబ్బలకూ దొరకదు. సీసా ముంచడానికైతే పడవ, పది నిమిషాలు చాలు.

అందులో ఇంకో సుగుణం ఉంది. వడపోత కాగితం మీది డీఎన్‌ఏని గడ్డకట్టించి దాచుకోవచ్చు. ఈరోజు 'ఎవరో తెలియదు' అని తేలిన అక్షరాల వరసకి పదేళ్ల తర్వాత పట్టికలో పేరు చేరితే, పాత నమూనాని మళ్లీ అడగొచ్చు. దిబ్బ అప్పటికి ఉన్నా లేకపోయినా.

నీళ్లు పట్టడానికి పీహెచ్‌డీ కూడా అక్కర్లేదు. యునెస్కో 19 దేశాల్లోని 21 సముద్ర వారసత్వ ప్రదేశాల్లో చేయించిన సర్వేలో స్థానికులు, బడిపిల్లలు కూడా నమూనాలు సేకరించారు. 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం దాదాపు 4,500 సముద్రజీవ జాతులు తేలాయి. వాటిలో 120 దాకా అంతరించే ప్రమాదం ఉన్నవాటి జాబితాలోవి.

మనకి పగడపు దిబ్బలు లక్షదీవుల్లో, అండమాన్‌ నికోబార్‌లో, తమిళనాడు దగ్గర మన్నార్‌ సింధుశాఖలో, గుజరాత్‌లో కచ్‌ సింధుశాఖలో ఉన్నాయి. ఆంధ్ర తీరంలో అలాంటి పెద్ద దిబ్బలు ఏర్పడలేదు. కృష్ణా గోదావరులు మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు పగడాలకు పడవు. కానీ నీళ్లని చదివే విద్య మాత్రం మన దగ్గర ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఒడిశాలోని చిలికా సరస్సు నీళ్లలోంచి డీఎన్‌ఏ తీసి, సూక్ష్మజీవుల నుంచి చేపలు, పక్షుల దాకా వెయ్యికి పైగా జీవ కుటుంబాల జాడలు పట్టారు. పగడపు దిబ్బల నీళ్లని చదవడానికీ అవే యంత్రాలు, అవే చేతులు సరిపోతాయి. సరిపోనిది పట్టికే. దాన్ని నింపాలంటే లక్షదీవుల్లోనూ అండమాన్‌లోనూ రాళ్ల సందుల్లో చేతులు పెట్టి, ఒక్కో గోబీనీ పట్టి, రెక్కముళ్లు లెక్కపెట్టే కుర్రాళ్లు కావాలి. వాళ్లకి జీతాలివ్వాలి. ఆ చేపల్ని దాచే మ్యూజియంలో స్పిరిటు ఆరిపోకుండా చూసుకోవాలి. యంత్రం కొనడానికి శాంక్షన్‌ వచ్చినంత తేలిగ్గా వీటికి వస్తుందా అన్నది వేరే విషయం.

మరుగుజ్జు గోబీ సంగతి మరచిపోలేదు. సీసా ముంచడం నుంచి రిపోర్టు చేతికొచ్చేదాకా వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఆ రిపోర్టులో గోబీ పేరు అచ్చయ్యేసరికి, జిగురు వదిలిన చేప పోయి దాని పిల్లలో, పిల్లల పిల్లలో ఆ రాతి సందులో ఈదుతుంటాయి. రాయి మీద పగడం ఇంకా బతికి ఉంటే.